ఇప్పుడమ్మ గొయ్యి తెరిపించిన రోజు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు ఎవరూ లేరు. పిల్లలకూ పెద్దలకూ, పాల వ్యాను డ్రైవరుకూ, బ్యాంకు గుమాస్తాకూ ఆమె ఇప్పుడమ్మే. ఏ పని గురించైనా ఎవరైనా "రేపు చూద్దాం" అంటే ఆమె నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "ఇప్పుడే." కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు కోడలిని ఆటపట్టించడానికి పెట్టిన పేరది. అత్తగారు పోయారు, పేరు మిగిలింది. భర్త తీరు అందుకు పూర్తిగా వేరు. ఏళ్ళ తరబడి లారీ నడిపి, ఒక ప్రమాదంలో కుడి మోకాలు చెడి, చేతికర్రతో ఇల్లు చేరిన మనిషి ఆయన. తన వాటాకు వచ్చిన తొందరంతా రోడ్ల మీదే ఖర్చయిపోయిందని చెప్పుకొనేవాడు. వీధిలోవాళ్ళు ఆయనకు తర్వాతయ్య అని పేరు పెట్టి ఆ జంటను పూర్తి చేశారు.

మొదట వాళ్ళకు ఉన్నది ఒక్క ఆవు. భర్త లారీ మీద తిరిగే రోజుల్లో, చంటిపిల్లను కొట్టం గుమ్మంలో చాప మీద పడుకోబెట్టి, ఆ ఒక్క ఆవు పాలే పిండి కేంద్రానికి మోసుకువెళ్ళేది. పిల్ల పెరిగి, పెళ్ళయి, వేరే ఊళ్ళో కాపురం పెట్టేనాటికి కొట్టంలో పదకొండు ఆవులు ఉన్నాయి. ఆ కొట్టంలో పేడ నేల మీద పడి ఆరడానికి వీల్లేదు. పాల క్యాను కడగనిదే ఆమె తన మొహం కడుక్కొనేది కాదు. ఆవు ఒకసారి దగ్గితే పశువుల డాక్టరుకు ఫోను వెళ్ళేది; రెండోసారి దగ్గేలోపు మళ్ళీ వెళ్ళేది. "మీ ఆవులకు జబ్బు పడే తీరిక కూడా ఇవ్వరు కదమ్మా" అని డాక్టరు విసుక్కొంటూనే నవ్వేవాడు. ఆవులకు ఆమె గుణాన్ని బట్టి పేర్లు పెట్టింది: దొరసాని, బద్ధకిష్టి, మూతిముడుపు, గయ్యాళి. గయ్యాళి అంటే ఆమెకు లోలోపల ఒక మక్కువ. పాలు పిండే వేళ దాటితే ఆమె లాగానే అదీ సహించేది కాదు.

పక్క ఇల్లు మేస్త్రీది. రెండు పెరళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఇప్పుడమ్మ బ్యాంకులో అప్పు చేసి కొత్త కొట్టం కట్టించినప్పుడు సిమెంటు నేల వేసినవాడు అతనే. నేల ఎంత వాలుగా ఉండాలన్న సంగతి మీద ఇద్దరికీ పెద్ద తగువే జరిగింది. పోసిన బకెట్టు నీళ్ళు ఏ మూలా నిలవకుండా కాలువలోకి జారేదాకా ఆమె అతన్ని వదలలేదు.

"నీ దగ్గర పని చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది వదినా" అన్నాడు మేస్త్రీ.

"నీకు తోకంటూ ఉంటే నిన్నూ గాడి దగ్గర కట్టేసుండేదాన్ని. పని ఇంకా త్వరగా తెమిలేది" అంది ఇప్పుడమ్మ.

మేస్త్రీకీ మూడు ఆవులు ఉండేవి. అతను పనులకు పోతే వాటిని చూసుకొనేది అతని భార్య. ఆ అమ్మాయి ఇప్పుడమ్మను అక్కా అని పిలిచేది. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి పాల వెన్న శాతం గురించీ, మొగుళ్ళ బద్ధకం గురించీ మాట్లాడుకొనేవారు. ఇద్దరిలో ఎవరి మొగుడు ఎక్కువ బద్ధకస్తుడన్నది మాత్రం తేలలేదు.

వరద పట్టపగలు వచ్చింది. పైన ఎక్కడో ఏటి గట్టు తెగిందని వీధి చివర ఎవరో అరుస్తూ పరుగెత్తారు. ఆ అరుపు ఆగకముందే నీళ్ళు గుమ్మాలు దాటాయి. ఇప్పుడమ్మ కొట్టంలో పలుపులు విప్పుతోంది. తడిసిన ముడులు రాయిలా బిగిశాయి. గోళ్ళు విరుగుతున్నాయే తప్ప ముడి రావడం లేదు. సాయం చేయబోయిన తర్వాతయ్య కర్ర జారి, గాడికీ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు. నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. అప్పుడు ఆమె పెట్టిన కేకకు గోడ దూకి వచ్చినవాడు మేస్త్రీ. ముందు తర్వాతయ్యను భుజాన వేసుకొని డాబా మెట్ల మీదికి చేర్చాడు. మళ్ళీ దిగి, కత్తితో పలుపులు కోస్తూ, ఒక్కొక్క ఆవునే వెనుక ఉన్న మిట్ట వైపు తోలాడు. నాలుగోదిగా గయ్యాళి దక్కింది. ఐదోదాని కోసం తిరిగి వచ్చేసరికి నీళ్ళు అతని గడ్డాన్ని తాకుతున్నాయి.

అతను గయ్యాళిని నెట్టుకుంటూ మిట్ట ఎక్కిస్తున్నప్పుడే, మెట్ల మీద నిలబడ్డ ఇప్పుడమ్మ ఇంకొకటి చూసింది. మేస్త్రీ పెరట్లోని పచ్చి ఇటుకల కొట్టం చప్పుడు లేకుండా కూర్చుండిపోయింది. మూడు తలలు, ఒకదాని వెనుక ఒకటి, మేతకు పోతున్నట్టే వరసగా వీధి చివరికి వెళ్ళి, మలుపు తిరిగి, కనబడకుండా పోయాయి. మేస్త్రీకి అటు వీపు. ఆమె అతన్ని పిలవలేదు. పిలిచినా చేయగలిగింది ఏమీ లేదని తరువాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకొన్నా, పిలవలేదన్న సంగతి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. మేస్త్రీ ఆ తరువాత తన ఆవుల ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. అదే ఆమెకు మరీ బరువైంది.

నీళ్ళు తీశాక కొట్టంలో ఏడు ఆవులు పడి ఉన్నాయి. దారులు తెగి ఉన్నందువల్ల పశువుల డాక్టరు రాలేడు, ఫోను పలకదు. ఎండ తీవ్రంగా ఉంది. డాక్టరు వచ్చి చూసేదాకా ఆగుదామని తర్వాతయ్య అన్నాడు. ఆగితే మిగిలిన నాలుగింటికీ రోగం అంటుతుందని ఆమె ఒంటికాలి మీద లేచింది. రోడ్డు మీద మట్టి ఎత్తుతున్న పొక్లెయిన్ వాడిని బతిమాలి, మిట్ట మీద గడ్డి నేలలో గొయ్యి తవ్వించింది. సున్నం చల్లించింది. ఆవులను దించే ముందు ఒక్కొక్కదాని పక్కన కూర్చొని, పశువుల శాఖవారు చెవికి వేసిన పసుపుపచ్చ బిళ్ళను కత్తెరతో కత్తిరించింది. రేపు ఎవరైనా అడిగితే ఆనవాలు ఉండాలి కదా. ఏడు బిళ్ళలనూ కడిగి, తుడిచి, ఒక తీగకు గుచ్చింది. ఆ పొద్దు గూకేవేళకు కొట్టం నేల కూడా కడిగేసింది. వరద వచ్చిన ఊళ్ళో అంత శుభ్రంగా ఉన్న చోటు ఇంకొకటి లేదు.

అదే ఆమె చేసిన పొరపాటు.

ప్రభుత్వం సాయం ప్రకటించింది: చచ్చిన ప్రతి ఆవుకూ ఒక ఆవు కొనుక్కోవడానికి సరిపడే డబ్బు. బడి వరండాలో బల్ల వేసుకొని కూర్చున్న తనిఖీ అధికారిణి కళ్ళలో నిద్ర లేదు, బూట్లకు బురద. మాట మాత్రం మర్యాద తప్పలేదు. ఇప్పుడమ్మ ముందుపెట్టిన తీగను ఆమె వేళ్ళతో తిప్పి చూసింది.

"ఇవి మీరే కత్తిరించారా?"

"నేనేనండీ. పాడవకుండా కడిగి తెచ్చాను."

"అక్కడే చిక్కొచ్చిందమ్మా. బిళ్ళ చెవికి ఉండగా డాక్టరు చూడాలి. ఊడదీసిన బిళ్ళ సాక్ష్యం కాదు. ఆవుని అమ్మేసి బిళ్ళ పట్టుకొచ్చినవాళ్ళు ఈ బల్ల ముందు నిలబడ్డారు."

తెమలని పనికి చీవాట్లు తినడం ఇప్పుడమ్మ ఎరుగును కాని, తెమిల్చిన పనికి తినడం అదే మొదటిసారి. చివరకు, ఏం చేయమంటారని అడిగింది. తనూ, డాక్టరూ చూస్తుండగా గొయ్యి తెరిపించాలనీ, కళేబరాలు లెక్క తేలితే అన్నింటికీ రాయగలననీ అధికారిణి చెప్పింది. జాబితా మర్నాటి సాయంత్రంతో మూసేస్తారు. అది దాటితే తన చేతిలో ఏమీ లేదు.

లేవబోతూ ఇప్పుడమ్మ పక్కింటివాళ్ళ సంగతి కూడా అడిగింది. వాళ్ళవి మూడు, వరదలో కొట్టుకుపోయాయి. తాను కళ్ళారా చూసింది. కావాలంటే సాక్షి సంతకం పెడుతుంది. అధికారిణి తల అడ్డంగా ఊపింది. కళేబరం లేనిదానికి తన కాగితంలో గడే లేదన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఇప్పుడమ్మ వైపు చూడలేదు.

ఇంటికి వచ్చి చెబితే తర్వాతయ్య ఒప్పుకోలేదు. పూడ్చినవాటిని మళ్ళీ బయటికి తీయడమేమిటన్నాడు. అంతకంటే ఆ కొట్టమే బ్యాంకుకు వదిలేద్దామన్నాడు. ఆయన కోపంలో అన్నా, అందులో నిజమే ఉంది. మిగిలిన నాలుగు ఆవుల పాలు వాటి దాణాకూ, ఇంటి ఖర్చుకూ పోతాయి. వాయిదాకు ఏమీ మిగలదు. ఏడు తిరిగి వస్తే తప్ప ఆ కొట్టం వాళ్ళకు దక్కదు. ఆమె పొక్లెయిన్ వాడికి కబురు పెట్టింది. తర్వాతయ్య ఇంకేమీ అనలేదు. తాను ఆగమన్నప్పుడు ఆగి ఉంటే ఇదంతా ఉండేది కాదని ఆయన అనవచ్చు. అనలేదు. అందుకు ఆమె మనసులోనే ఆయనకు దండం పెట్టుకొంది.

మర్నాడు తెల్లవారి ఆమె గయ్యాళి పాలు పిండుతుండగా మేస్త్రీ భార్య వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడింది. చేతిలో గిన్నె ఉంది. పాలకు వచ్చిందనుకొంది ఇప్పుడమ్మ. ఆ అమ్మాయి గిన్నెను చాచలేదు.

"అక్కా, నేనొచ్చినట్టు ఆయనకి తెలీదు."

"చెప్పు."

"నీ గోతిలో ఏడున్నాయి. చెవులకి బిళ్ళల్లేవు. వాటిల్లో మూడు మావని నువ్వొక్క మాటంటే..." ఆ అమ్మాయి గిన్నె అంచును కొంగుతో తుడిచింది. "నీకు నాలుగొస్తాయి. మాకు మూడొస్తాయి. మా పెరట్లో ఇప్పుడు గడ్డిపోచ కూడా లేదక్కా."

గయ్యాళి పొదుగు మీద ఇప్పుడమ్మ చేతులు ఆగిపోయాయి. ఆవు అసహనంగా కాలు కదిపింది.

"అడక్కూడదని తెలుసు. కానీ ఆ రోజు ఆయన ముందు మా పెరట్లోకి పోయుంటే..."

ఆ మాట పూర్తి చేయలేదు. చేయవలసిన అవసరమూ లేదు. ఇప్పుడమ్మ ఔననలేదు, కాదనలేదు. ఎవరు ఏమడిగినా తడుముకోకుండా జవాబిచ్చే మనిషి అలా కూర్చుండిపోవడం చూసి మేస్త్రీ భార్యే భయపడింది. "నేనేం అడగలేదనుకో అక్కా" అని వెనుదిరిగి వెళ్ళిపోయింది. గిన్నె ఖాళీగానే వెళ్ళింది.

అధికారిణి పొద్దున్నే వస్తానన్నది. మధ్యాహ్నం దాటినా రాలేదు. మిట్ట మీద పొక్లెయిన్ నిలబడి ఉంది. పడమట మబ్బు కమ్ముకొంటోంది. ఒక్క వాన పడితే గోతిలో ఊట దిగుతుంది, అప్పుడు తెరవనివ్వనని డాక్టరు ముందే చెప్పాడు. మందు కొట్టే పంపు, సున్నం బస్తాలు, ముక్కులకు కట్టుకొనే గుడ్డలు అన్నీ ఒక వరసలో పెట్టి ఇప్పుడమ్మ మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది. చూడటానికి వీధిలోవాళ్ళు కొందరు చేరారు. ఎవరి పనీ సకాలంలో కుట్టి ఇవ్వని టైలరు, "ఈ ఒక్కసారికి రేపు చేద్దామనుకున్నా సరిపోయేదమ్మా" అన్నాడు. మామూలు రోజయితే మూడు నెలలుగా అతని దగ్గరే పడి ఉన్న తన జాకెట్టు గుడ్డ గురించి నలుగురిలో కడిగేసేది. ఆ రోజు ఆ మాట ఆమె చెవిన పడనేలేదు.

ఆమె తలలో లెక్క ఒక్కటే తిరుగుతోంది. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎనిమిది ఆవులతో బ్యాంకు వాయిదాలను ఈడ్చుకురావచ్చునేమో, రాలేకపోవచ్చునేమో. పైగా అది అధికారిణి ముఖం మీద చెప్పవలసిన అబద్ధం. అబద్ధం బయటపడితే నాలుగూ పోతాయి, ఏడూ పోతాయి.

జీపు వచ్చింది. అధికారిణి దిగుతూనే ఆలస్యమైందన్నది, కారణం చెప్పలేదు. డాక్టరు ఆకాశం వైపు చూసి, త్వరగా కానిమ్మన్నాడు. పొక్లెయిన్ పైపొర మట్టిని ఎత్తింది. సున్నం తెల్లగా కనబడగానే దాన్ని నడిపేవాడు ఆపేశాడు. ఇంక దాని పళ్ళు తగిలితే కళేబరాలు చీలిపోతాయి. మిగిలింది పారతో తీయవలసిందే. గోతిలోకి దిగేవారు ఎవరని అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకొన్నారు. తర్వాతయ్య కర్ర పక్కన పడేసి ముందుకు రాబోయాడు. అప్పటికే మేస్త్రీ మూతికి తుండుగుడ్డ కట్టుకొని, తన పార తానే తెచ్చుకొని, గోతి అంచు మీద కాలు పెట్టాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది ఇప్పుడమ్మ.

"ఎప్పుడైనా నువ్వు రమ్మంటేనే వచ్చానా వదినా" అన్నాడు మేస్త్రీ, దిగుతూ.

భార్య తనతో మాట్లాడిన సంగతి అతనికి నిజంగానే తెలియదని ఆమెకు అర్థమైంది. ఆ అమ్మాయి గుంపు వెనుక, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

వాసన గోతిలోంచి గోడలా లేచింది. టైలరు అందరికంటే ముందు ముఖం చాటేశాడు. మేస్త్రీ తొందరపడలేదు. పునాది గీసేవాడిలా అంచుల నుంచి మట్టి లాగుతూ, ఒక్కొక్కటే బయటపెట్టాడు. డాక్టరు పైకే లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి గోతి పక్కనుంచి సన్నగా ఊట మొదలైంది. ఐదు. ఆరు. నీళ్ళు మేస్త్రీ పాదాలను కప్పాయి. డాక్టరు చేయి ఎత్తాడు. ఇంక చాలు, మూసేయమన్నాడు. ఆ నీళ్ళు పొలాల్లోకి దిగితే ఊరి పశువులన్నింటికీ ముప్పు. ఆరు కనబడ్డాయి, ఆరే రాద్దామన్నాడు.

"ఏడోది అడుగున ఉందండీ. ముందు దించింది అదే" అంది ఇప్పుడమ్మ.

"నేను చూసినదానికే సంతకం పెడతానమ్మా."

మేస్త్రీ పార పడేశాడు. ఆ నీళ్ళల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి, తల పక్కకు తిప్పుకొని, వేళ్ళతో వెతకసాగాడు. మబ్బు ఉరిమింది. కొంతసేపటికి అతని భుజాలు బిగిశాయి. లాగాడు. బురదలోంచి ఒక కొమ్ము, దాని వెంట దొరసాని వంకర నుదురు పైకి తేలాయి.

"ఏడు" అన్నాడు డాక్టరు.

అధికారిణి అట్టకు పెట్టిన కాగితం మీద రాసుకొంది. తరువాత అడగవలసినది అడిగింది. రంగును బట్టి గాని, మచ్చలను బట్టి గాని ఇవి ఎవరివో చెప్పగలరా అని డాక్టరును అడిగింది. సున్నమూ బురదా తిన్న ఒళ్ళకు ఇంక రంగెక్కడిది, ఏడు పెద్ద ఆవులని మాత్రమే చెప్పగలనన్నాడు ఆయన. అప్పుడామె ఇప్పుడమ్మ వైపు తిరిగింది.

"అయితే ఎవరివన్నది మీ మాట మీదే రాస్తాను. తప్పు చెబితే సాయం మొత్తం రద్దవుతుంది, కేసు కూడా అవుతుంది. ఇది అందరికీ చెప్పే మాటే, మీకూ చెప్తున్నాను. ఏడూ మీవేనా?"

ఔనంటే నిజం. ఒక్క అక్షరంతో కొట్టం దక్కుతుంది. ఇప్పుడమ్మ గోతిలోకి చూసింది. మేస్త్రీ మోకాలి లోతు మురికినీళ్ళల్లో నిలబడి, దొరసాని తల మళ్ళీ మునిగిపోకుండా కొమ్ము పట్టుకొని ఉన్నాడు. లెక్క పూర్తయిందన్న మాట అతనికి ఇంకా తట్టినట్టు లేదు.

"నాలుగు నావండీ" అంది. "మూడు మేస్త్రీవి."

మేస్త్రీ తల ఎత్తాడు. అధికారిణి కలం కాగితాన్ని తాకి ఆగిపోయింది.

"నిన్న ఏడు బిళ్ళలు మీవని చూపించారు."

"చూపించాను. అవి సాక్ష్యం కాదన్నారు."

"పక్కింటివాళ్ళవి కొట్టుకుపోయాయని కూడా మీరే అన్నారు."

"కొట్టుకుపోయినవి మూడండీ. అది అబద్ధం కాదు. రెండిళ్ళలో కలిపి పది పోయాయి. గోతిలో ఏడున్నాయి. నేను ఎనిమిదోది అడగట్లేదు. ఏవి ఎవరివో నా మాట మీదే రాస్తానన్నారు కాబట్టి చెప్తున్నాను. నీళ్ళల్లో పోయినవా? నావి."

అధికారిణి చాలాసేపు ఆమెనే చూసింది. తప్పని తెలిసీ రాయడానికి ఆమె ఉద్యోగం ఒప్పదు. తప్పని రుజువు చేయడానికి ఆమె చేతిలో, తానే పనికిరాదన్న తీగ ఒక్కటే ఉంది. డాక్టరు వైపు చూసింది. ఆయన చేతి తొడుగులు ఊడదీస్తూ, తన సంతకం ఏడుకేననీ, పంపకానికి కాదనీ అన్నాడు. ఆమె గోతి అంచుకు వచ్చి కిందికి వంగింది.

"మేస్త్రీగారూ. ఇందులో మూడు మీవేనా?"

ఇప్పుడు అంతా ఆ మనిషి నోట్లో ఉంది. అతను కాదంటే, ఇప్పుడమ్మ అధికారిణి ఎదుట అబద్ధమాడినట్టే. నాలుగూ లేవు, ఏడూ లేవు. అతని పౌరుషం ఎలాంటిదో ఆమెకు తెలుసు. పని చేసిన డబ్బు కూడా రెండోసారి అడగని మనిషి. అతను ముందు భార్య వైపు చూశాడు. ఆ అమ్మాయి తల వంచుకొంది. ఆ వంచుకోవడంతో అతనికి సంగతి తెలిసిపోయింది; ముఖం నల్లబడింది. తరువాత ఇప్పుడమ్మ వైపు చూశాడు. ఆమె అతని చూపును తప్పించుకొంది. తొలి చినుకు కాగితం మీద పడింది. అధికారిణి దాన్ని చేత్తో కప్పింది.

"ఆవిడ చెప్పింది కదండీ" అన్నాడు మేస్త్రీ ఎట్టకేలకు. "ఆవిడ మాట నేనెందుకు కాదంటాను?"

అధికారిణి రాసింది. తలెత్తకుండా, కొట్టం ఎవరి పేరున ఉందని అడిగింది. తర్వాతయ్య పేరున ఉంది. ఆయన సంతకం కూడా కావాలి. నాలుగింటికేనని తెలిసే పెడుతున్నారా అని అడిగింది. ఆ క్షణం వరకూ ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడమ్మ పొద్దుటి నుంచి ఊరందరి గురించీ ఆలోచించి, ఇంట్లో మనిషిని అడగడం మరిచిపోయింది.

తర్వాతయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. గోతిలో ఉన్న మేస్త్రీని ఒకసారి చూశాడు, తన మోకాలిని ఒకసారి చూసుకొన్నాడు.

"పెన్ను ఇటివ్వండి" అన్నాడు. "ఈవిడ అన్నాక ఇంక తర్వాత చూద్దామనే యోగం నాకెప్పుడుంది?"

వాన అందుకొనేలోపు గొయ్యి మూసేశారు. మేస్త్రీ బయటికి వచ్చి, పార కడుక్కొని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి రోజులు ఇప్పుడమ్మకు గోతి దగ్గర గడిచిన మధ్యాహ్నం కంటే కష్టంగా గడిచాయి. జీపు చప్పుడైతే ఉలిక్కిపడేది. ఎవరైనా ఫిర్యాదు చేశారేమో, మళ్ళీ విచారణ వస్తుందేమోనని. టైలరు ఎదురుపడితే ముందే నవ్వేది. జాకెట్టు సంగతి ఎత్తేది కాదు. టైలరే జంకి, అడగకుండానే కుట్టి తెచ్చి ఇచ్చాడు. గోడ అవతలి నుంచి మాటలు ఆగిపోయాయి. మేస్త్రీ పనికి పోయేటప్పుడు ఈ ఇంటి వైపు చూసేవాడు కాదు. అతని భార్య ఒకటి రెండుసార్లు గోడ దాకా వచ్చి, వెనక్కి పోయింది. మంచి చేయబోయి ఇల్లు పోగొట్టుకొన్నానా, పక్కిల్లు పోగొట్టుకొన్నానా అని ఆమె తర్వాతయ్యను అడిగింది. రెండూ పోలేదు, నీ నిద్ర మాత్రం పోయిందని ఆయన అన్నాడు.

సాయం వచ్చింది. వీళ్ళకు నాలుగింటికి, వాళ్ళకు మూడింటికి. ఇప్పుడమ్మ సంతకు వెళ్ళి, ఒక పూటంతా పళ్ళు చూసి, పొదుగులు పట్టి, అమ్మేవాళ్ళను విసిగించి నాలుగు ఆవులను తెచ్చుకొంది. బ్యాంకు వాయిదాను కొంచెం వెనక్కి జరిపించడానికి గుమాస్తా బల్ల ముందు మూడుసార్లు కూర్చుంది. కొట్టంలో మూడు పలుపురాళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. పాలు పిండేటప్పుడు అటు చూడకుండా పని తెముల్చుకొనేది.

ఒక సాయంత్రం పాలవేళకు వాకిట్లో గిట్టల చప్పుడైంది. మేస్త్రీ మూడు ఆవులను తోలుకొని నిలబడి ఉన్నాడు. మూడూ కొత్తవి. వెనుక అతని భార్య.

"వదినా" అన్నాడు. చాలా రోజుల తరువాత ఆ పిలుపు. "ఇవి నీవి. నావి నీళ్ళల్లో పోయాయి. నేను చూడకపోయినా నువ్వు చూశావు. నావి కానివాటి మీద వచ్చింది తిని నేను నిద్రపోలేను. కట్టేసుకో."

ఇప్పుడమ్మ లేచి, కొంగుతో చేతులు తుడుచుకొని, ఆవుల చుట్టూ తిరిగింది. ఒకదాని దవడ తెరిచి చూసింది. ఇంకొకదాని పొదుగు తడిమి, మేస్త్రీ ఎంచిన తీరుకు పెదవి విరిచింది.

"ఇవి నావెలా అవుతాయి?" అంది. "నావి కొట్టుకుపోయాయని సంతకం చేసిచ్చాను. ఈయనా చేశాడు. ఇప్పుడు కాదంటే ఇద్దరం కేసులో పడతాం. నా మీద కోపముంటే ఇంకేదైనా తిట్టు, జైలుకి మాత్రం పంపకు."

మరి తన పెరట్లో కొట్టానికి గోడ కూడా లేదని మేస్త్రీ వేరే వాదన అందుకొన్నాడు.

"గోడ లేకపోతే వీటిని ఇక్కడ కట్టెయ్. గోడ లేచాక తోలుకుపో. గడ్డి ఖర్చు మీది, పేడ నాది." ఆమె అప్పటికే ఒక ఆవు పలుపు అందుకొని లోపలికి నడుస్తోంది. "అమ్మాయ్, అలా నిలబడి చూస్తావేం? ఆ బకెట్టు తీసుకో. ఇది కొత్త చోటని పాలు ఎగబెట్టేలా ఉంది. పొదుగు మీద గోరువెచ్చని నీళ్ళు చల్లు."

మేస్త్రీ భార్య మొగుడి వైపు చూడకుండా లోపలికి వచ్చి బకెట్టు తీసుకొంది. మేస్త్రీ కాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. తరువాత మిగిలిన రెండు ఆవులనూ తోలుకొని వచ్చి, వంగి, పలుపులు ముడివేయసాగాడు.